పైరు తెగులుకు మొక్కు: రోమన్ల రోబిగుస్ దేవత

ప్రాచీన రోములో ఏటా ఏప్రిల్ 25న, నగరానికి ఐదు మైళ్ల దూరంలో, రాజ్యం తరఫున నియమితుడైన పురోహితుడొకడు ఒక కుక్కను, ఒక గొర్రెను బలి ఇచ్చి, గోధుమ పైరు జోలికి రావద్దని ఒక దేవతను వేడుకునేవాడు. ఆ దేవత పేరు రోబిగుస్, ఆ పండుగ పేరు రోబిగాలియా. ఇనుముకు పట్టే తుప్పునూ పైరుకు పట్టే తుప్పు తెగులునూ లాటిన్‌లో 'రోబిగో' అనే ఒకే మాటతో చెప్పేవారు. తెలుగునాట కుంకుమ తెగులు అని కూడా వ్యవహరించే శిలీంధ్ర వ్యాధుల కోవకు చెందినదే ఈ తెగులు. జూపిటర్‌కు, మార్స్‌కు, వీనస్‌కు ఉన్నట్టు రోబిగుస్‌కు పుట్టుక కథగానీ, వంశావళిగానీ, శృంగార వీర గాథలుగానీ లేవు. స్త్రీయా పురుషుడా అన్న విషయంలో సైతం ప్రాచీన రచయితలకు ఏకాభిప్రాయం లేదు: వారో, ఔలుస్ గెల్లియుస్ పురుష దేవతగా రోబిగుస్ అని రాయగా, ఓవిడ్, కొలుమెల్లా స్త్రీ దేవతగా రోబిగో అన్నారు. ఒక పేరు, ఒక రోజు, ఒక చోటు, ఒక పని, ఈ నాలుగే ఈ దేవత ఉనికికి ఆధారాలు. అయినా రోమన్ మతంలో సేద్యగాడి అనుభవం ఎంత లోతుగా ఇంకిపోయిందో తెలుసుకోవడానికి మహాదేవతల ఆలయాల కన్నా ఈ చిన్న దేవత పండుగే ఎక్కువగా ఉపకరిస్తుంది.

రోబిగుస్ ఎంత భయంకరుడో తెలియాలంటే ముందు ఆ తెగులు చేసే పని తెలియాలి. గోధుమ కాండం మీద, ఆకుల మీద, ఆకు తొడుగుల మీద ఇటుక రంగు పొక్కులు లేచి, పై పొర చిట్లి, తాకితే చేతికి అంటుకునే ఎర్రని పొడి బయటపడుతుంది. ఆ పొడిలోని ప్రతి రేణువూ ఒక శిలీంధ్ర బీజమే; గాలికి లేచి, మరో మొక్క మీద వాలి, కొన్ని గంటల పాటు ఆకు తడిగా ఉంటే చాలు, మొలకెత్తి లోపలికి చొరబడుతుంది. రెండు వారాలు తిరగకుండానే ఆ మొక్క మీదా కొత్త పొక్కులు లేస్తాయి. పై పొర చిట్లిన చోటల్లా మొక్కలోని నీరు ఆవిరైపోతుంది, గింజకు చేరవలసిన ఆహారాన్ని శిలీంధ్రం కాజేస్తుంది, కాండం బలహీనపడి పైరు పడిపోతుంది, గింజలు తాలుగా మారతాయి. చేను పచ్చగా, నిండుగా కనిపించిన కొద్ది వారాలకే పంట చేజారిపోవడం ఈ తెగులులోని క్రూరత్వం. మానవుడి సేద్యానికి ఇది పాత శత్రువు. ఇజ్రాయెల్‌లోని తెల్ బతాష్ తవ్వకాలలో దొరికిన సుమారు 3,300 ఏళ్ల నాటి గోధుమ పొట్టు మీద కాండపు తుప్పు తెగులు బీజాలు గుర్తించినట్టు 1982లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. తిండి గింజల కోసం ఇంకా సముద్రాల ఆవలికి చూడని తొలినాళ్ల రోముకు, చుట్టూ ఉన్న లాటియం పొలాల పంట పోవడమంటే ఆ ఏడాది బతుకు పోవడమే.

రోబిగుస్ ఏ తరహా దేవత అన్న ప్రశ్నకు క్రీ.శ. 2వ శతాబ్దపు రచయిత ఔలుస్ గెల్లియుస్ రాసిన ఒక చిన్న వ్యాఖ్య దారి చూపుతుంది. మేలు చేయమని కొలిచే దేవతలు కొందరైతే, కీడు చేయకుండా ఉండమని శాంతింపజేసే దేవతలు మరికొందరని ఆయన విడదీసి, మనుషుల నుంచి, పండిన పంటల నుంచి కీడును తొలగించడానికి ప్రసన్నం చేసుకోవలసిన వారిలో రోబిగుస్‌ను చేర్చాడు. అంటే ఈ దేవత కాపలా కాసే తీరు వేరు: తన చేతిలోని నాశనాన్ని తానే ఆపుకోవడం ద్వారా పైరును కాపాడతాడు. తెగులును తెచ్చేవాడూ తప్పించేవాడూ ఒక్కడే కావడం వల్ల, ఆయనను ప్రేమించవలసిన అవసరం రోమన్ రైతుకు లేకపోయింది. ఆయన ఆగ్రహానికి గురికాకుండా ఏటేటా లెక్క తీర్చుకుంటే సరిపోయేది. ఇందులో భక్తి పారవశ్యం లేదనడం నిజమే గానీ, ఇచ్చి పుచ్చుకునే ఒప్పందాన్ని తప్పకుండా నెరవేర్చడమే రోమన్ల దృష్టిలో భక్తి కాబట్టి, ఈ మొక్కుబడిని పైపై ఆచారంగా చూడడం న్యాయం కాదు.

క్రీ.పూ. 37లో, ఎనభైవ ఏట, మార్కుస్ తెరెంతియుస్ వారో వ్యవసాయం మీద తన గ్రంథం మొదలుపెడుతూ, నగర చౌకంలో బంగారు ప్రతిమలతో వెలిగే పన్నెండుమంది దేవతలను పక్కనపెట్టి, సేద్యగాళ్లకు దారి చూపే మరో పన్నెండుమందిని జంటలు జంటలుగా పిలిచాడు. ఆకాశం, భూమి, సూర్యుడు, చంద్రుడు, ధాన్యానికి సెరెస్, ద్రాక్షకు లిబెర్, ఆ తరువాతి జంటే రోబిగుస్, ఫ్లోరా. వీరిద్దరూ ప్రసన్నులైతే తెగులు పైరును, చెట్లను పాడుచేయదని, పూత సకాలంలో వస్తుందని ఆయన వివరణ. పూతను తెచ్చే దేవత పక్కనే పూతను మాడ్చగల దేవతను నిలపడం యాదృచ్ఛికం కాదు, ఎందుకంటే పండుగల పట్టికలోనూ వీరు దగ్గరి వారే: రోబిగాలియా ఏప్రిల్ 25న అయితే, ఫ్లోరా ఉత్సవాలు 28న మొదలయ్యేవి. అసలు ఏప్రిల్ నెలంతా పొలం చుట్టూ తిరిగేది. 15న చూలు ఆవులను భూదేవికి బలి ఇచ్చే ఫోర్దికిదియా, 19న సెరెస్ పండుగ, 21న గొర్రెల కాపరుల పారిలియా, 23న ద్రాక్షసారాయి పండుగ, ఆ తరువాతి వంతు రోబిగుస్‌ది.

ఈ పండుగను రోము రెండవ రాజు నూమా పొంపిలియుస్ తన పాలనలోని పదకొండవ ఏట స్థాపించాడని క్రీ.శ. 1వ శతాబ్దపు ప్లినీ రాశాడు. సంప్రదాయం లెక్కన నూమా క్రీ.పూ. 8వ శతాబ్దం చివరి వాడు, రోముకు ఈశాన్యాన ఉన్న సబీన్ల దేశం నుంచి వచ్చినవాడు. చరిత్రకారులు ఆయనను సగం పురాణ పురుషుడిగానే చూస్తారు. పాత క్రతువు ఏదైనా ఆయనకు ఆపాదించడం రోమన్లకు అలవాటు కనుక, ఆ సంవత్సరాన్ని నమ్మనక్కరలేదు. పండుగ మాత్రం చాలా పాతదనడానికి వేరే సాక్ష్యం ఉంది: రోమన్ పంచాంగాలలో పెద్ద అక్షరాలతో చెక్కిన అతి ప్రాచీన పండుగల వరుసలో రోబిగాలియా ఒకటి.

క్రతువును గురించి రెండు ముఖ్యమైన ఆధారాలున్నాయి. ఒకటి ప్రైనెస్తె పట్టణంలో, నేటి పాలెస్త్రీనాలో, అగుస్తుస్ చక్రవర్తి మనవలకు చదువు చెప్పిన వెర్రియుస్ ఫ్లాక్కుస్ అనే పండితుడు పాలరాతి మీద చెక్కించిన పంచాంగం. క్లాదియా మార్గంలో ఐదవ మైలురాయి దగ్గర, ధాన్యానికి తెగులు హాని చేయకుండా, రోబిగుస్‌కు ఈ పర్వదినం జరుగుతుందని, బలితో పాటు పెద్దలకూ పిన్నలకూ పరుగు పందేలు ఉంటాయని ఆ రాయి చెబుతుంది. రెండవది ఓవిడ్ కవి పండుగల మీద రాసిన 'ఫాస్తి' కావ్యం. నోమెంతుమ్ నుంచి రోముకు తిరిగి వస్తుండగా తెల్లని దుస్తులు ధరించిన జనం దారికి అడ్డంగా ఎదురయ్యారని, కుక్క పేగులను, గొర్రె పేగులను అగ్నికి సమర్పించడానికి పురోహితుడు ప్రాచీన రోబిగో వనానికి వెళుతున్నాడని ఆయన వర్ణించాడు. ఆ పురోహితుడు ఫ్లామెన్ క్విరినాలిస్; అంటే ఒక్కొక్క దేవతకు ఒక్కొక్కరు చొప్పున నియమితులైన పదిహేనుమంది ఫ్లామెన్లలో అగ్రశ్రేణికి చెందిన ముగ్గురిలో ఒకడు, క్విరినుస్ అనే దేవుడి అర్చకుడు. తెగులు దేవతకు ఇంత పెద్ద హోదా గల అర్చకుడిని పంపడాన్ని బట్టి రాజ్యం దీనిని ఎంత ముఖ్యంగా భావించిందో ఊహించవచ్చు. కుడిచేతిలో నూగు వదులుగా ఉన్న తువ్వాలు, పక్కన ద్రాక్షసారాయి పాత్ర, ధూపపు భరిణె. వీటితో ఆయన చేసిన ప్రార్థనను ఓవిడ్ తనదైన తీరులో మలిచాడు. పైరును పట్టుకున్న కరకు చేతులు తీసి, కావాలంటే గట్టి ఇనుమును పట్టుకోమని, లోకం శాంతిగా ఉంది కనుక కత్తులను, ఈటెలను తుప్పుతో తినేయమని, గునపాలు, నాగళ్లు మాత్రం మెరుస్తూ ఉండనీయమని అందులో వేడుకోలు. ఇది అగుస్తుస్ కాలపు నగర కవి మాట, పాత రైతు మంత్రం కాదు. అయినా ఇనుముకూ గింజకూ ఒకే దేవత మీద ఉన్న భయాన్ని అంత అందంగా మరెవరూ చెప్పలేదు.

రెండు ఆధారాలలో దారులు వేరు. క్లాదియా మార్గం నగరానికి వాయవ్యంగా, తైబర్ నది ఆవలి ఒడ్డున సాగుతుంది. నోమెంతుమ్ ఈశాన్యంలో ఉంది. ఓవిడ్ దారి తప్పుగా చెప్పాడని కొందరు, రెండు చోట్ల రెండు క్రతువులు ఉండేవని మరికొందరు పండితులు వాదించారు. దారి ఏదైనా, ఐదు మైళ్ల దూరం మాత్రం అర్థవంతమైనది. రోమన్ మైళ్లు ఐదంటే ఏడు కిలోమీటర్ల పైచిలుకు. తొలినాటి రోము పొలిమేర ఇంచుమించు అక్కడే ఉండేది. పొలాలకు పరిశుద్ధి చేసే అంబార్వాలియా క్రతువు ఐదు, ఆరు మైలురాళ్ల నడుమ, హద్దుల దేవత తెర్మినుస్‌కు లారెంతుమ్ మార్గంలో ఆరవ మైలురాయి దగ్గర బలి జరగడం ఇదే సంగతిని బలపరుస్తాయి. తెగులును పొలాల నడుమ ఎదుర్కోకుండా, పొలిమేర దగ్గరే నిలిపి, అక్కడే దాని వంతు దానికి ముట్టజెప్పి పంపేయడం ఈ క్రతువులోని ఆలోచన అని ఊహించడానికి ఇది బలమైన ఆధారం.

కుక్కను ఎందుకు బలి ఇచ్చారన్నది ప్రాచీనులకే చిక్కుముడి. రోమన్లు దేవతలకు మామూలుగా అర్పించేది పందులు, గొర్రెలు, ఎద్దులు; తినని జంతువైన కుక్క లూపెర్కాలియా వంటి కొన్ని పాత క్రతువులలోనే కనిపిస్తుంది. ఓవిడ్ కావ్యంలో ఈ ప్రశ్నకు పురోహితుడే జవాబిస్తాడు: ఆకాశంలో శ్వాన నక్షత్రం ఉదయించినప్పుడు నేల ఎండిపోయి పంట కాలం కాకుండానే పండిపోతుంది, ఆ చుక్కల కుక్కకు బదులుగా ఈ కుక్క బలిపీఠం ఎక్కుతున్నది. ఖగోళం ప్రకారం ఇది కుదరదు. సిరియుస్ అనే ఆ నక్షత్రం ఉదయించేది నడి వేసవిలో, ఏప్రిల్ చివర అది సాయంకాలపు పడమటి ఆకాశంలో అస్తమిస్తూ ఉంటుంది. ప్లినీ ఈ పొరపాటును గ్రహించి, పండుగకు కారణం శ్వానం అస్తమించడమేనని రాశాడు. మరో సూచన ఫెస్తుస్ నిఘంటువులో ఉంది: రోములోని కాతులారియా ద్వారం సమీపంలో, పైరుకు శత్రువైన శ్వాన నక్షత్రాన్ని శాంతింపజేయడానికి, పంట పసుపు తిరిగి పండేదాకా క్షేమంగా ఉండేందుకు, ఎర్రని కుక్కలను బలి ఇచ్చేవారని అది చెబుతుంది. ఎర్రని తెగులుకు ఎర్రని జంతువు అన్న సాదృశ్యమే ఇందులో అసలు విషయమని, నక్షత్ర కథ తరువాతి పండితులు అతికించినదని చాలామంది ఆధునికులు భావిస్తారు. ఆ అభిప్రాయమే సమంజసంగా తోస్తుంది. కూరగాయల తోటల గురించి పద్యంలో రాసిన కొలుమెల్లా కూడా, నక్షత్రం ఊసెత్తకుండా, పాలు తాగే కుక్కపిల్ల నెత్తురుతో, పేగులతో రోబిగోను శాంతింపజేస్తారని మాత్రమే చెప్పాడు.

ఈ కుక్క బలికి సంబంధించి ప్లినీ ఒక అమూల్యమైన వాక్యాన్ని కాపాడాడు. పోంటిఫెక్సులు, అంటే రాజ్య మత వ్యవహారాలను నడిపే అర్చక మండలి వారు, తమ గ్రంథాలలో కుక్క శకునపు క్రతువుకు తేదీని ఎప్పుడు నిర్ణయించాలో రాసుకున్నారట: పైరు వెన్ను ఆకు తొడుగులోకి చేరకముందు కాదు, తొడుగు వీడి బయటికి వచ్చాక కూడా కాదు. వ్యవసాయం తెలిసినవారికి ఇది పొట్ట దశ అని వెంటనే అర్థమవుతుంది. లాటియంలో శరత్తులో విత్తిన గోధుమ వసంతం చివర సరిగ్గా ఆ దశలో ఉంటుంది. రాత్రులు చల్లగా, ఉదయాలు మంచుతో, పగళ్లు వెచ్చగా మారే ఆ వారాలలోనే తుప్పు తెగులు విజృంభిస్తుంది, అప్పుడు సోకితేనే గింజకు ఎక్కువ నష్టం. రోమన్లు స్థిరమైన తేదీ గల పండుగలను ఒక రకంగా, ఏటేటా పరిస్థితిని చూసి తేదీ ప్రకటించే వాటిని మరో రకంగా పరిగణించేవారు. రోబిగాలియా స్థిర పండుగ, కుక్క శకునం చరం. జూలియస్ సీజర్ సవరణకు ముందు రోమన్ పంచాంగం ఋతువులతో తరచూ తప్పిపోయేది, ఎంతగా అంటే క్రీ.పూ. 46లో ఆ తేడాను సరిచేయడానికి ఒక్క ఏడాదికి 445 రోజులు పెట్టవలసి వచ్చింది. అటువంటి కాలంలో ఏప్రిల్ 25 అన్నది పైరుతో సంబంధం లేని రోజున కూడా పడి ఉండవచ్చు. తేదీని చేలో చూసి నిర్ణయించిన క్రతువు మాత్రం పైరును ఏనాడూ వదలలేదు. పాత అర్చకులు ఇక్కడ పంచాంగాన్ని కాక పొట్టతో ఉన్న మొక్కను ప్రమాణంగా తీసుకున్నారు. మతం పేరుతో జరిగిన ఈ పరిశీలనను సేద్య విజ్ఞానంగా గౌరవించవలసిందే.

ఆ పరిశీలన క్రతువుతో ఆగలేదు. తెగులు మంచు ఎక్కువగా పడే చోట్ల, గాలి ఆడని లోయలలో తరచుగా వస్తుందని, గాలి వీచే ఎత్తైన నేలలలో రాదని ప్లినీ రాశాడు. అంతకు మూడు శతాబ్దాలకు పైగా ముందే గ్రీకు పండితుడు థియోఫ్రాస్తుస్ కూడా ఇదే గమనించాడు. మంచు మీద ఎండ కాయడమే తెగులుకు కారణమని చాలామంది అనుకుంటే, ప్లినీ దానిని పాక్షికంగా తోసిపుచ్చి, ఎండకు దోషం లేదని, చలి రాత్రులలో, పొద్దెక్కక ముందే కీడు జరుగుతుందని వాదించాడు. శిలీంధ్రమన్న ఊహే లేని కాలంలో ఆయన గురి ఎంత దగ్గరగా తగిలిందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది, ఎందుకంటే బీజం మొలకెత్తేది నిజంగానే రాత్రి మంచు తడిలోనే. అదే ప్లినీ, పొలంలో లారెల్ కొమ్మలు పాతితే తెగులు పైరును వదిలి ఆ ఆకులలోకి పోతుందనీ చెప్పాడు. ఇది పనిచేయదు, కానీ బలులతో పాటు రైతులు తమకు తోచిన ఉపాయాలను కూడా ప్రయత్నిస్తూనే ఉన్నారనడానికి ఇది సాక్ష్యం.

క్రైస్తవ రచయితలకు రోబిగుస్ సులువైన గురి అయ్యాడు. తెగులును కూడా దేవతగా కల్పించుకున్నారని తెర్తుల్లియన్ విమర్శించాడు. ముళ్లు పీకడానికొక దేవుడు, తెగులు రాకుండా ఒక దేవత ఎందుకని 5వ శతాబ్దంలో అగస్టీన్ నిలదీశాడు. అయితే భయం మతంతో పాటు మారిపోలేదు. 6వ శతాబ్దం చివర పోప్ గ్రెగరీ కాలం నాటికి రోము క్రైస్తవులు ఏప్రిల్ 25న 'పెద్ద లిటనీ' అనే ప్రార్థనా యాత్ర జరుపుతున్నారు. లిటనీ అంటే ఒకరు పలికితే మిగతావారు బదులు పలికే విన్నపాల వరుస. ఆ ఊరేగింపు నగర మధ్యంలోని లూచీనా వాడ సంత్ లోరెన్సో చర్చి నుంచి బయలుదేరి, ఫ్లమీనియా మార్గం మీదుగా మిల్వియన్ వంతెన దాకా వెళ్లి, అక్కడి నుంచి మళ్లి సంత్ పీటర్ ఆలయం చేరేది. క్లాదియా మార్గానికి పోవాలన్నా ఆ వంతెన దాటవలసిందే. తేదీ, దారి, పంట క్షేమం కోరే ఉద్దేశం మూడూ కలవడం వల్ల పాత పండుగే కొత్త రూపం దాల్చిందని చాలామంది చరిత్రకారులు నిర్ణయించారు. నేరుగా వారసత్వాన్ని చూపే లిఖిత సాక్ష్యం లేదని సందేహించినవారూ లేకపోలేదు. ఏదెలా ఉన్నా, 1969లో కథోలిక పంచాంగాన్ని సవరించినప్పుడు తొలగించేదాకా ఆ రోజు పొలాల మేలు కోసం ప్రార్థన సాగింది.

తెగులు గుట్టు విప్పే పని కూడా ఇటలీలోనే మొదలైంది. 1766లో టస్కనీ పంటను తుప్పు తెగులు ఊడ్చిపెట్టాక, మరుసటి ఏడాదే ఫెలీచె ఫొంతానా, జొవాన్ని తర్జోని తొత్సెత్తి అనే ఇద్దరు వేర్వేరుగా ఆ ఎర్ర పొడిని సూక్ష్మదర్శినిలో చూసి, అది గోధుమ మీద బతికే పరాన్నజీవి అని ప్రకటించారు. 1865లో జర్మన్ శాస్త్రవేత్త ఆంటన్ ద బారీ, కాండపు తుప్పు శిలీంధ్రం తన జీవితంలో కొంత భాగాన్ని బార్బెర్రీ పొద మీద గడుపుతుందని రుజువు చేశాడు. మన దారుహరిద్ర కూడా ఆ కుటుంబపు మొక్కే. ఆ తరువాతి అధ్యాయం మళ్లీ నూమా పుట్టిన సబీన్ల సీమకే చేరుకుంటుంది. తేమ ఎక్కువగా ఉండే రియెతి లోయలో రైతులు తరతరాలుగా కాపాడుకున్న దేశవాళీ గోధుమకు తుప్పును తట్టుకునే గుణం ఉందని పేరు. 20వ శతాబ్దం ఆరంభంలో అక్కడ స్థిరపడిన నజరేనో స్త్రంపెల్లి దానిని డచ్చి గోధుమతోనూ, అకకోముగి అనే జపాన్ పొట్టి రకంతోనూ సంకరం చేసి, 'అర్దితో' వంటి తొందరగా పండే రకాలను సాధించాడు. త్వరగా పండిన పైరు తెగులు ముదరకముందే గింజను నింపుకుంటుంది. పొట్ట దశ చుట్టూ క్రతువును పెట్టుకున్న అర్చకులు కాలాన్ని కనిపెట్టి చూశారు. స్త్రంపెల్లి ఆ కాలాన్నే ముందుకు జరిపాడు.

భారతదేశంలో ఈ తెగులు దారి దక్కన్ మీదుగా పోతుంది. ఆగ్రాలో పనిచేసిన కె.సి. మెహతా, మైదానాల వేసవి వేడికి బీజాలు చనిపోతాయని, కొండ ప్రాంతాల చల్లదనంలోనే తెగులు ఏడాది పొడవునా బతుకుతుందని 20వ శతాబ్దం తొలి సగంలో నిరూపించాడు. నీలగిరి, పళని కొండలలో దాగిన కాండపు తుప్పు బీజాలను బంగాళాఖాతపు తుపాను గాలులు ఎత్తుకుని, తెలుగు నేల పైనుంచి మధ్య భారతపు గోధుమ చేలలో వానతో పాటు దించుతాయని తరువాతి శాస్త్రవేత్తలు తేల్చారు.

నిరోధక రకాల వల్ల సగం శతాబ్దం పాటు అణగి ఉన్న కాండపు తుప్పు, 1998లో ఉగాండాలో కొత్త తెగగా బయటపడి, అప్పటిదాకా ప్రపంచమంతటా ఆధారపడిన ఒక నిరోధక జన్యువును ఓడించింది. ఆ తరువాత 2016లో, ఒకప్పుడు రోము ధాన్యపు కొట్టుగా పేరుబడిన సిసిలీ ద్వీపంలో, మరో తెగ వేల హెక్టార్ల గోధుమను దెబ్బతీసింది.